చేతిరాత, తలరాత, మీటల రాత

చేతిరాత బాగుంటే తలరాత బాగుంటుందని మన పెద్దలు చెబుతూ వచ్చారు. బలపం పట్టిన రోజు నుంచి పదో తరగతి దాకా ఈ మాట వినని పిల్లవాడు ఉండడు. ఇందులో నిజం కొంత లేకపోలేదు. కాని ఈ మాటకు రెండో వైపు ఒకటి ఉంది. చేతిరాత కుదరని పిల్లవాడి తలలో ఏముందో ఎవరూ తరచి చూడరు. ఒక విషయాన్ని నోటితో అరగంట సేపు చక్కగా చెప్పగలిగినవాడు, కాగితం ముందు పెట్టేసరికి మూడు వంకర వాక్యాలు రాసి ఆగిపోతాడు. మాస్టారు ఆ మూడు వాక్యాలకే మార్కులు వేస్తారు. మిగిలిన అరగంట లెక్కలోకి రాదు.

నేను కామర్సు చదువుకుని బ్యాంకులో చేరినవాణ్ణి. భాషాశాస్త్రవేత్తను కాను, పంతులునూ కాను. అయితే కౌంటరుకు ఇవతల కూర్చుని దాదాపు ముప్ఫై ఏళ్ళుగా ఒక సంగతి గమనిస్తూ వచ్చాను. పాసుబుక్కు చూడకుండానే తన ఖాతాలో ఎంత ఉందో రూపాయి తేడా లేకుండా చెప్పే మనిషి, డబ్బు తీసుకునే ఫారం చేతికివ్వగానే బిక్కమొహం వేస్తాడు. “బాబూ, కాస్త రాసిపెట్టండి” అంటాడు. దీనికి బ్యాంకులో ఒక పద్ధతి ఉంది. ఫారం నింపడానికి పక్కవాడు సాయం చేయవచ్చు. సంతకమో వేలిముద్రో మాత్రం ఖాతాదారుడిదే కావాలి. డబ్బు ఎవరిది, తీయాలన్న నిర్ణయం ఎవరిది అన్నదే ముఖ్యం. అక్షరాలు దిద్దిన చెయ్యి ఎవరిదన్నది తరువాతి మాట.

రాయడానికి కష్టపడే విద్యార్థులకు కంప్యూటరు చేసే సాయం గురించి చదివినప్పుడల్లా నాకు ఈ పద్ధతే గుర్తుకొస్తుంది. ఈ సాయం నిన్నమొన్నటిది కాదు. దాని చరిత్ర రెండు వందల ఏళ్ళు దాటింది. ఆ చరిత్రను క్లుప్తంగా చెప్పి, అది బరంపురం, హోసూరు, బళ్ళారి, షోలాపూరు వంటి ఊళ్ళలోని మన తెలుగు పిల్లలకు ఎక్కడ తగులుతుందో చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కార్బన్ కాగితం ఎవరి కోసం పుట్టింది?

బ్యాంకు ఉద్యోగికి కార్బన్ కాగితం కంటే పాత స్నేహితుడు లేడు. డిమాండు డ్రాఫ్టు నుంచి నగదు రసీదు దాకా ఒకప్పుడు అన్నిటి కిందా అదే ఉండేది. అది నకళ్ళు తీయడానికే పుట్టిందని అందరం అనుకుంటాం. నిజానికి ఇంగ్లండులో రాల్ఫ్ వెడ్జ్‌వుడ్ అనే ఆయన 1806లో పేటెంటు తీసుకున్నప్పుడు అందులో కనిపించే ఉద్దేశం చూపు లేనివారు రాసుకోవడానికి సాయపడడం. సిరా బుడ్డీలో కలం ముంచడం, సిరా ఉందో లేదో చూసుకోవడం చూపు లేనివారికి సాధ్యం కాదు. సిరా పూసిన కాగితం మీద మొద్దు పుల్లతో ఒత్తి రాస్తే కింది కాగితం మీద అక్షరం పడుతుంది. ఆ ఉపాయాన్ని వ్యాపారులు తరువాత నకళ్ళకు వాడుకున్నారు.

ఇంచుమించు అదే కాలంలో, 1808 ప్రాంతంలో, ఇటలీలో పెల్లెగ్రినో టుర్రి అనే ఆయన తన స్నేహితురాలు కరొలీనా ఫాంటోని కోసం ఒక యంత్రం తయారు చేశాడు. ఆమె జమీందారీ కుటుంబపు స్త్రీ. చూపు పోయింది. తన ఉత్తరాలు తానే రాసుకోవాలన్నది ఆమె కోరిక. ఇంకొకరికి చెప్పి రాయించుకునే ఉత్తరంలో మనసులోని మాట ఎంత వరకు వస్తుందో మనకు తెలుసు. ఆ యంత్రం ఇప్పుడు లేదు గాని, దాని మీద ఆమె కొట్టిన ఉత్తరాలు కొన్ని నేటికీ భద్రంగా ఉన్నాయి. టైపు మిషను వంశవృక్షంలో అదొక తొలి పేరు.

ఆ తరువాతి పేరు డెన్మార్కుకు చెందిన రాస్మస్ మాలింగ్ హాన్సెన్. ఆయన కోపెన్‌హేగన్‌లో బధిరుల పాఠశాలకు ప్రధానాధ్యాపకుడు. వేళ్ళతో సైగలు చేసి మాట్లాడే పిల్లల వేగం, కలంతో రాసే వేగం కంటే ఎంతో ఎక్కువని ఆయనకు తెలుసు. 1865లో మొదలుపెట్టి రాత బంతి అనే యంత్రాన్ని రూపొందించాడు. సూదుల దిండులా గుండ్రంగా ఉండే దాని మీద మీటలు అమర్చాడు. చూపు మందగించిన జర్మన్ తత్త్వవేత్త నీషే 1882లో కొంతకాలం దాని మీదే రాశాడు.

అమెరికాలో షోల్స్ బృందం తయారు చేసిన మిషను 1874లో రెమింగ్టన్ కంపెనీ ద్వారా బజారులోకి వచ్చింది. ఆ తరువాత కథ మనకు తెలిసిందే. కచేరీలు, కోర్టులు, బ్యాంకులు దాన్ని సొంతం చేసుకున్నాయి. మన ఊళ్ళలో వీధికొక టైపు ఇన్‌స్టిట్యూటు వెలిసింది. లోయరు, హయ్యరు పాసైతే గుమాస్తా ఉద్యోగం ఖాయం. ఆ హడావిడిలో, రాయలేనివారి చేతికి ఊతంగా పుట్టిన వస్తువు బాగా రాయగలవారి ఉద్యోగ సాధనంగా మారిపోయిందన్న మాట అందరూ మరచిపోయారు. నేను చెప్పబోయే చరిత్రంతటా ఇదే తంతు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

పెర్సీ అనే పిల్లవాడు

చూపు లేకపోవడం పైకి తెలిసే లోపం. చెయ్యి వణకడం కూడా అంతే. ఏ లోపమూ పైకి కనబడకుండా అక్షరం దగ్గర మాత్రమే తడబడే పిల్లల సంగతి వైద్యులకు చాలా ఆలస్యంగా అర్థమైంది. 1896 నవంబరులో ప్రింగిల్ మోర్గన్ అనే ఆంగ్ల వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న వ్యాసం రాశాడు. అందులోని రోగి పేరు పెర్సీ, వయసు పద్నాలుగేళ్ళు. చురుకైనవాడు, ఆటల్లో తోటివారికి తీసిపోడు. ఏడేళ్ళ వయసు నుంచి చదువు చెప్పిస్తున్నారు. అయినా ఏకాక్షర పదాలు కూడా కూడబలుక్కుని చదవాల్సిందే. తన పేరు రాయమంటే అందులోని అక్షరాలు తారుమారు చేసి ‘ప్రెసీ’ అని వచ్చేలా రాశాడు. తప్పు జరిగిందని కూడా వెంటనే తెలియలేదు.

లెక్కల గుమాస్తాగా నన్ను ఆకట్టుకున్న వివరం ఇంకొకటి ఆ వ్యాసంలో ఉంది. ఆ పిల్లవాడు 749ని 867తో త్వరగా, తప్పు లేకుండా గుణించాడు. జవాబు 6,49,383. క్యాలిక్యులేటరు లేకుండా ఇప్పుడు మన శాఖల్లో ఎంతమంది చేయగలరో నేను చెప్పను. చదువంతా నోటితోనే సాగితే బడిలో వీడే అందరికంటే తెలివైనవాడు అవుతాడని అతని ఉపాధ్యాయుడు అన్నట్టు మోర్గన్ రాశాడు. ఆ ఒక్క మాటలో సమస్య అంతా ఉంది. తలలో సరుకు ఉంది, గుమ్మం దాటి బయటికి రావడం లేదు.

గ్లాస్గోలో కంటి వైద్యుడు జేమ్స్ హిన్షెల్‌వుడ్ ఇలాంటి వారిని మరికొందరిని పరిశీలించి 1917లో ఒక పుస్తకమే ప్రచురించాడు. అప్పట్లో దీన్ని పుట్టుకతో వచ్చే పదాంధత్వం అన్నారు. ఇప్పుడు చదవడంలోని ఇబ్బందిని డిస్లెక్సియా అని, రాతలోని ఇబ్బందిని డిస్‌గ్రాఫియా అని అంటున్నారు. రెండూ కలిసి ఉన్న పిల్లలు చాలామంది. బద్ధకం వేరు, ఇది వేరు అని మన దేశంలో సామాన్య జనానికి తెలిసింది మాత్రం ‘తారే జమీన్ పర్’ అనే హిందీ సినిమా 2007లో వచ్చిన తరువాతే.

పెర్సీ కాలానికి టైపు మిషను బజారులో ఉంది. కాని అది అతనికి ఎంతవరకు అక్కరకు వచ్చేది? వంకర అక్షరాన్ని అది తిన్నగా అచ్చు వేస్తుంది. తప్పు అక్షరాన్నీ అంతే తిన్నగా అచ్చు వేస్తుంది. అంటే రాతలో కష్టాలు మూడు రకాలు. అక్షరాన్ని గీయడం ఒకటి. ఏ మాటకు ఏ అక్షరాలో గుర్తుంచుకోవడం రెండోది. ఆలోచనలను వరుసలో పెట్టడం మూడోది. టైపు మిషను మొదటిదాన్ని మాత్రమే తీర్చగలిగింది. మిగిలిన రెండిటికీ కంప్యూటరు దాకా ఆగవలసి వచ్చింది.

చెరిపితే మచ్చ పడని కాగితం

బ్యాంకుల కంప్యూటరీకరణ మీద రంగరాజన్ కమిటీ 1984లో నివేదిక ఇచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన 1990లలో మా శాఖలో ఒక మూల లెడ్జరు పోస్టింగు మిషను, మిగతా మూడు మూలలా అట్టలు చిరిగిన లెడ్జర్లు ఉండేవి. లెడ్జరులో దిద్దుబాటుకు నిబంధన కఠినం. తప్పు అంకెను గీత కొట్టి, పైన సరైనది వేసి, పక్కన అధికారి పొట్టి సంతకం పెట్టాలి. ఒక పేజీలో నాలుగు దిద్దుబాట్లు ఉంటే ఆ గుమాస్తా మీద అనుమానం మొదలయ్యేది. రాత కష్టమైన పిల్లవాడి నోటుబుక్కు సరిగ్గా ఆ పేజీ లాంటిదే. కొట్టివేతలు, రబ్బరు మచ్చలు, చిరుగులు. అది చూసి తనకే సిగ్గు వేసి, తప్పు రాని చిన్న మాటలతోనే వాడు సరిపెట్టుకుంటాడు. పెద్ద మాట తెలిసినా వాడడు.

కంప్యూటరు తెర చేసిన మొదటి మేలు ఇదే. చెరిపితే మచ్చ పడదు. పదిసార్లు మార్చినా పేజీ శుభ్రంగానే ఉంటుంది. 1993లో అమెరికాలో ఆల్ఫాస్మార్ట్ అనే చిన్న పరికరం వచ్చింది. మీటల పలక, దాని మీద నాలుగు వరుసలు కనిపించే చిన్న తెర, అంతే. మామూలు బ్యాటరీలతో రోజుల తరబడి నడిచేది. ఆటలు లేవు, బొమ్మలు లేవు. రాత కుదరని పిల్లల కోసం అక్కడి బడులు వాటిని పెద్ద సంఖ్యలో కొన్నాయి. 2013లో దాని తయారీ ఆగిపోయింది.

రెండో కష్టానికి, అంటే వర్ణక్రమానికి, రెండు ఉపాయాలు వచ్చాయి. మొదటిది తప్పులు పట్టే ప్రోగ్రాము. 1971లో స్టాన్‌ఫర్డ్‌లో రాల్ఫ్ గోరిన్ రాసిన ‘స్పెల్’ ఇలాంటి వాటిలో తొలినాటిది. తప్పు మాటను పట్టుకుని, దానికి దగ్గరి సరైన మాటలను చూపేది. కాని అసలు మాటకు దరిదాపుల్లో లేని విధంగా రాసే పిల్లవాడికి ఇది చాలదు. అందుకు వచ్చిన రెండో ఉపాయం మాటను ముందే ఊహించి చూపడం. 1980లలో స్కాట్లండులోని డండీ విశ్వవిద్యాలయంలో అలన్ న్యూవెల్ బృందం ‘పాల్’ అనే ప్రోగ్రాము తయారు చేసింది. ఒకటి రెండు అక్షరాలు కొట్టగానే వాటితో మొదలయ్యే మాటలు కొన్ని వరుసగా కనిపిస్తాయి. కావలసినదాన్ని ఎంచుకుంటే చాలు. చేతులు సరిగా ఆడనివారికి మీటల నొక్కుడు తగ్గించడం దాని తొలి ఉద్దేశం. అక్షరాలు తారుమారయ్యే పిల్లలకు కూడా అది ఉపయోగపడుతుందని వాడకంలో తేలింది. సొంతంగా రాయలేని మాటను చూసి గుర్తుపట్టడం చాలామందికి సాధ్యమే.

దీని ఫలితం ఎంత? అమెరికాలో చార్లెస్ మెక్‌ఆర్థర్ 1998లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. తీవ్రమైన రాత ఇబ్బంది ఉన్న తొమ్మిది, పదేళ్ళ పిల్లలు ఐదుగురిని ఆయన తీసుకున్నాడు. వారిలో నలుగురి మాటల్లో సరైన వర్ణక్రమంతో ఉన్నవి మొదట నూటికి 42 నుంచి 75 దాకా ఉండేవి. మాటలను ఊహించే ప్రోగ్రాము, రాసింది చదివి వినిపించే కంఠం రెండూ ఇచ్చాక అవి 90 పైకి చేరాయి. ఐదో పిల్లవాడికి అంత మేలు కనబడలేదు. ఐదుగురితో లోకమంతటికీ తీర్పు చెప్పలేం. కాని నలుగురికి పనిచేసి ఒకరికి పనిచేయలేదన్న నిజాయితీ నాకు ఆ అధ్యయనం మీద గౌరవం కలిగించింది.

చదివి వినిపించే కంఠానికి కూడా ఒక చరిత్ర ఉంది. 1976లో రే కర్జ్‌వైల్ అచ్చు పుస్తకాన్ని పైకి చదివే యంత్రాన్ని అంధుల కోసం తెచ్చాడు. తాను రాసినది చెవిన పడితే, కంటికి చిక్కని తప్పు దొరుకుతుంది. నోటి మాటను అక్షరంగా మార్చే ప్రోగ్రాము 1990లో డ్రాగన్ పేరుతో వచ్చినప్పుడు మాటకు మాటకు మధ్య ఆగి పలకాల్సి వచ్చేది. 1997 నాటికి ధారాళంగా మాట్లాడితే రాసుకునే స్థితికి చేరింది.

మూడో కష్టం ఆలోచనల వరుస. ఇక్కడ యంత్రం గొప్ప తక్కువ, గురువు గొప్ప ఎక్కువ. స్టీవ్ గ్రాహం, డొలొరెస్ పెరిన్ అనే ఇద్దరు పండితులు ‘రైటింగ్ నెక్స్ట్’ పేరుతో 2007లో ఒక నివేదిక ఇచ్చారు. రాత నేర్పడంలో ఫలితమిచ్చే పదకొండు పద్ధతులను అందులో పేర్కొన్నారు. కంప్యూటరు మీద రాయించడం వాటిలో ఒకటి. చదువులో వెనుకబడిన పిల్లలకు దానివల్ల మేలు మరింత ఎక్కువని కూడా చెప్పారు. అయితే జాబితాలో మొదటి స్థానం యంత్రానిది కాదు. ముందు ఏం చెప్పాలో అనుకోవడం, తరువాత రాయడం, ఆ తరువాత దిద్దుకోవడం అనే క్రమాన్ని దగ్గర కూర్చుని నేర్పడానిది. మిషను కొని పిల్లవాడి ముందు పడేస్తే సరిపోతుందనుకునే తల్లిదండ్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

‘స్త్రీ’ అని రాయాలంటే

ఇంతదాకా చెప్పినదంతా ఇంగ్లీషు పిల్లల కథ. వాళ్ళకు ఇరవై ఆరు అక్షరాలు, ఒక వరుసలో ఎడమ నుంచి కుడికి. మన సంగతి వేరు. అక్షరాలు, గుణింతాలు, వత్తులు కలిస్తే రూపాలు వందల్లో ఉంటాయి. మన లిపికి తోబుట్టువైన కన్నడ లిపిని పిల్లలు ఎలా నేర్చుకుంటారో బెంగళూరులోని ప్రామిస్ ఫౌండేషన్‌కు చెందిన సొనాలి నాగ్ పరిశీలించి 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంగ్లీషు అక్షరమాల పట్టుబడే వేగంతో పోలిస్తే ఈ లిపి పట్టుబడడానికి ఎక్కువ ఏళ్ళు పడుతుందని, మూడు నాలుగు తరగతులదాకా ఆ నేర్పు సాగుతూనే ఉంటుందని తేలింది. కాబట్టి రెండో తరగతిలో వత్తులు రాలేదని పిల్లవాడిని మొద్దు అనడం అన్యాయం.

‘స్త్రీ’ అన్న ఒక్క మాట చూడండి. నోటికి అది ఒక్క ఊపిరి. చేతికి మాత్రం సకారం, దాని నెత్తిన గుడి దీర్ఘం, కింద తవత్తు, పక్కన రవత్తు. పలికే వరుస వేరు, గీసే చోటు వేరు. కాగితం మీద ఈ స్థలనిర్ణయమే రాత ఇబ్బంది ఉన్న పిల్లవాడిని ఓడిస్తుంది. పాత తెలుగు టైపు మిషను కూడా ఈ బాధ తీర్చలేదు. తలకట్టు, కొమ్ము, వత్తు ముక్కలు ముక్కలుగా వేర్వేరు మీటల మీద పెట్టి పేర్చుకోమంది.

కంప్యూటరు వచ్చాక పద్ధతి తిరగబడింది. 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ ‘ఇన్‌స్క్రిప్ట్’ అనే మీటల అమరికను ప్రమాణంగా ఎంచింది. అందులో పలికే వరుసలోనే మీటలు నొక్కాలి. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకారం. ఆరు నొక్కులు. ఏ వత్తు ఎక్కడ కూర్చోవాలో యంత్రం చూసుకుంటుంది. అంటే పిల్లవాడు చెవికి విన్నదాన్ని వరుసగా చెబితే చాలు. చెవి బాగుండి చెయ్యి బాగులేని పిల్లవాడికి ఇంతకంటే న్యాయమైన ఏర్పాటు ఏముంటుంది?

ఈ అమరికలో మన ప్రవాసపు తెలుగువారికి పనికొచ్చే గుణం ఇంకొకటి ఉంది. భారతీయ లిపులన్నిటికీ ఒకే ధ్వనికి ఒకే మీట. ఇంగ్లీషు ‘కె’ ఉన్న మీట నొక్కితే తెలుగులో ‘క’ పడుతుంది. ఒడియాకు మార్చి నొక్కితే ఒడియా ‘క’ పడుతుంది. కన్నడానికీ, తమిళానికీ, మరాఠీకీ అంతే. ఒడియా ఏత్వం అక్షరానికి ఎడమ పక్కన రాస్తారు, తెలుగు ఏత్వం నెత్తిన రాస్తాం. మీటల మీద మాత్రం రెండిటికీ వరుస ఒకటే. కనుక బడిలో ఒడియానో కన్నడమో మీటల మీద నేర్చుకున్న మన పిల్లవాడికి తెలుగు కొట్టడం సగం వచ్చినట్టే. కాగితం మీద రెండు లిపులు రెండు బరువులు. మీటల మీద ఒకటే బరువు.

1991లో భారతీయ లిపుల సంకేత ప్రమాణం ఇస్కీ ఖరారైంది. అదే ఏడు యూనికోడ్ తొలి కూర్పులో తెలుగుకు 128 గళ్ళు కేటాయించారు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఖతి ఇంటింటి కంప్యూటరుకు చేరింది. 2017 ఆగస్టులో గూగుల్ తన నోటిమాట రాతలో తెలుగును చేర్చింది. ఇంగ్లీషు పిల్లవాడికి 1997లో అందినది మన పిల్లవాడికి ఇరవై ఏళ్ళ తరువాత అందింది. ఆలస్యమే అయినా అందింది.

వదిలేసే భాష ఏది?

ఇక మన ఇంటి సంగతికి వస్తాను. రాత ఇబ్బంది ఉన్న పిల్లలకు పరీక్షల్లో రాయితీలు 1996లో మహారాష్ట్రలో మొదలయ్యాయి. మద్రాసు డిస్లెక్సియా సంఘం 1991 నుంచి పనిచేస్తోంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన లోపాన్ని కూడా వైకల్యాల జాబితాలో చేర్చింది. అదనపు సమయం, రాసిపెట్టే మనిషి వంటి సౌకర్యాలు ఇప్పుడు చాలా బోర్డుల్లో ఉన్నాయి. సి.బి.ఎస్.ఇ. 2018లో ఇలాంటి పిల్లలు కంప్యూటరు మీద జవాబులు కొట్టడానికి అనుమతించింది. ఇవన్నీ మంచివే.

వీటితోపాటు ఇచ్చే రాయితీ ఇంకొకటి ఉంది. రెండు భాషలకు బదులు ఒక భాష చదివితే చాలు. రాయితీ ఇచ్చేవారి ఉద్దేశం మంచిదే, పిల్లవాడి బరువు దించడం. కాని వదిలేసే ఆ భాష ఏది? ఇంగ్లీషు వదలరు, ఉద్యోగం కావాలి. రాష్ట్ర భాష వదలడం చాలాచోట్ల కుదరదు. తమిళనాడులో 2006లో వచ్చిన తమిళ బోధన చట్టం తరువాత బడుల్లో మన భాషకు చోటు ఎలా ఇరుకైందో హోసూరు, కృష్ణగిరి పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. చివరికి జారిపోయేది తెలుగు. ఆంధ్రలో, తెలంగాణలో పిల్లవాడు బడిలో తెలుగు వదిలినా వీధిలో బోర్డుల మీద, బస్సుల మీద దాన్ని చూస్తాడు. మన దగ్గర బడిలో వదిలితే లిపి పూర్తిగా పోయినట్టే.

మా వీధిలో ఒక అబ్బాయి ఉన్నాడు. ఐదో తరగతిలో ఉండగా వాళ్ళ బడి వారు తల్లిదండ్రులను పిలిచి, ఇంట్లో తెలుగు చెప్పడం మానేయండి, రెండు లిపులు వీడు మోయలేడు అన్నారు. వాళ్ళ మామ్మగారు నాతో, “వాడి నోట్లో తెలుగు బంగారంలా ఉంది నాయనా, చేతిలోకే రావడం లేదు” అన్నారు. రెండేళ్ళకొకసారి జరిగే మా బరంపురం ఠాకురాణి జాతర అంటే ఆ అబ్బాయికి ప్రాణం. పులి వేషాలు, డప్పులు, జనం తొక్కిడి అన్నీ కళ్ళకు కట్టినట్టు చెబుతాడు. కాగితం మీద మాత్రం ‘జాతర బాగుంది’ అని రాసి కలం కింద పెట్టేసేవాడు.

వాళ్ళ నాన్న పాత కంప్యూటరులో తెలుగు మీటలు పెట్టించి, మీటల మీద అక్షరాలు అంటించారు. రోజుకు పావుగంట. మొదటి నెల అక్షరాల వెతుకులాటతోనే సరిపోయింది. “మావయ్యా, పొల్లు ఎక్కడుంది?” అని నన్నే పదిసార్లు అడిగాడు. నాలుగో నెలలో జాతర గురించి పదకొండు వాక్యాలు కొట్టాడు. శ, ష, స తారుమారు కావడం పోలేదు. దీర్ఘాలు కొన్ని ఎగిరిపోయాయి. కాని పులి వేషం కట్టినవాడు మధ్యాహ్నం ఎండలో ముఖం మీద రంగు కరుగుతుంటే తుడుచుకోలేక ఎలా నిలబడ్డాడో అందులో ఉంది. మామ్మగారు ఆ కాగితాన్ని మడిచి పెట్టెలో దాచుకున్నారు. ఇది అద్భుతమని నేను అనను. ఆ అబ్బాయి ఇప్పటికీ చేతితో వేగంగా రాయలేడు. తెలుగు మాత్రం అతనికి పోలేదు.

సంతకం ఎవరిది?

ఇన్ని చెప్పాక అభ్యంతరాలు కూడా వినాలి. మీటలు అలవాటైతే చేతిరాత మూలబడదా అని అడుగుతారు. చేతిరాతను మానమని ఎవరూ అనడం లేదు. అక్షరం గీయడం వల్ల అక్షరం మనసులో నాటుకుంటుందన్నది నిజమే, ముఖ్యంగా చిన్న తరగతుల్లో. రోజూ పది నిమిషాలు చేతితో రాయించండి. కాని పిల్లవాడి ఆలోచనకు పరీక్ష పెట్టే వేళ చేతిని అడ్డు పెట్టకండి. కుంటివాడికి వ్యాయామం అవసరమే. అలాగని బడికి వెళ్ళే దారిలో చేతికర్ర లాక్కోం కదా.

రెండోది ఇంకా గట్టి అభ్యంతరం. డండీలో ఒక మాటను ఊహించడంతో మొదలైన విద్య ఇప్పుడు వ్యాసాలకు వ్యాసాలే రాసే దాకా వచ్చింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఏ పిల్లవాడైనా విషయం చెప్పి వ్యాసం తీసుకోవచ్చు. ఇది ఊతమా, మోసమా? ఇక్కడే నా బ్యాంకు పద్ధతి పనికొస్తుంది. ఫారం ఎవరు నింపినా ఫరవాలేదు, సంతకం ఖాతాదారుడిది కావాలి. అక్షరం దిద్దడం, మాట వెతకడం, చదివి వినిపించడం ఫారం నింపడం లాంటివి. ఏం చెప్పాలి, ఎందుకు చెప్పాలి అన్నది సంతకం. జాతరలో రంగు కరిగిన పులి ముఖం ఆ అబ్బాయి చూసినది. ఏ యంత్రమూ అతనికి దాన్ని ఇవ్వలేదు. ఆ చూపును కూడా యంత్రమే ఇస్తే అది ఫోర్జరీ. బ్యాంకులోనూ అంతే, బడిలోనూ అంతే.

మూడోది ఖర్చు. కొత్త మిషను అక్కరలేదు. ఇంగ్లీషు చదవడం వచ్చిన తల్లిదండ్రులు ఉన్న ఇంట్లో ఈపాటికే ఏదో ఒక ఫోనో, పాత కంప్యూటరో ఉంది. తెలుగు మీటలు అందులో ఉచితం. కావలసింది పక్కన కూర్చునే పెద్దమనిషి పావుగంట ఓపిక. మన ఊళ్ళలోని తెలుగు సంఘాలు ఏటా ఉగాదికి పద్యాల పోటీ, వక్తృత్వపు పోటీ పెడుతున్నాయి. వాటి పక్కనే ఆదివారం ఒక గంట, రెండు పాత కంప్యూటర్లతో తెలుగు మీటల తరగతి పెట్టడం పెద్ద పని కాదు. రాత బాగా వచ్చిన పిల్లలకు బహుమతులు ఇస్తూనే ఉన్నాం. రాత రాని పిల్లలకు కూడా మన గుమ్మంలో కాస్త చోటు ఉండాలి.

కార్బన్ కాగితం, టైపు మిషను, చదివి వినిపించే యంత్రం ఇవన్నీ మొదట చూపు లేనివారి కోసమో, వారిని చూసో పుట్టినవే. మాటను ఊహించే విద్య చేతులు ఆడనివారి కోసం పుట్టింది. తరువాత లోకమంతా వాటిని వాడుకుంది. ఎవరి కోసం పుట్టిందో వారికి అందకుండా పోవడం ధర్మం కాదు. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో నోట్లో తెలుగు ఉండి చేతిలోకి రాని పిల్లవాడు ఉంటే, బడి వారు తెలుగు వదిలేయమని చెప్పేలోగా ఒక్క ఆరు నెలలు మీటల మీద ప్రయత్నించి చూడండి. రాయితీ కాగితం మీద సంతకం పెట్టడానికి తొందర లేదు. ఒకసారి మూసేసిన ఖాతాను మళ్ళీ తెరవడం ఎంత కష్టమో మా వృత్తిలో వారికి బాగా తెలుసు.